పాత కంప్యూటరు షురూ కాకపోతే: ముందు అమానతు, ఆ తర్వాత మరమ్మతు

(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠము)



ఏటేటా ఈ వేదిక మీద చదువు గురించి, జోడే కట్నాల గురించి, ఐకమత్యం గురించి పెద్దలు మంచి మాటలు చెబుతూ వస్తున్నారు. ఈసారి కార్యవర్గంవారు మమ్మల్ని పిలిచి, "మాస్టర్ సాబ్, బడిలో కంప్యూటర్లు మీరే చూసుకుంటారు గదా, ఇంటింటికీ పనికొచ్చే ముచ్చట ఏదైనా చెప్పండి" అన్నారు. మేము ఇంజనీర్లం కాము. ఉర్దూ మీడియం బడిలో పాఠాలు చెప్పుకునే వాళ్ళం. అయితే మా వంటి బడులకు వచ్చే కంప్యూటర్లు ఎవరో వాడి, కొత్తవి కొనుక్కొని, పాతవి దానంగా ఇచ్చినవే. వాటితో వేగీ వేగీ నేర్చుకున్నదే ఈ పూట మీ ముందు పెడుతున్నాము. బటన్ నొక్కితే షురూ కాని పాత కంప్యూటరును ఏం చేయాలన్నదే మా విషయం.

ఇది చిన్న విషయమని కొందరు అనుకోవచ్చు. పాడైతే పాత ఇనుపసామానువాడికి వేసి కొత్తది తెచ్చుకుంటే పోలేదా అనవచ్చు. ఆ మాటకు జవాబు చెప్పిన తర్వాతనే మరమ్మతు సంగతికి వస్తాము.

మిషను మనది, లోపలిది మనది కాదు

మన మూడు పట్టణాలలో పాత కంప్యూటర్లు ఎక్కడ ఉన్నాయో ఒక్కసారి ఆలోచించండి. మసీదు కమిటీ ఆఫీసులో ఒకటి, అందులో బైతుల్‌మాల్ జమా ఖర్చులు. పెండ్లి కార్డులు కొట్టే డి.టి.పి. షాపులో ఒకటి. రైస్ మిల్లు గుమస్తా ఇంట్లో ఒకటి, అందులో లెక్కలు. మన సంఘం గదిలో ఒకటి, అందులో సభ్యుల జాబితా, పిల్లల స్కాలర్‌షిప్ కాగితాలు, ఆధార్ నకళ్ళు, సంబంధాల కోసం ఇచ్చిన ఆడపిల్లల ఫోటోలు, పాత సావనీర్ల పేజీలు.

ఈ పేజీల సంగతి కొంచెం విడమరచి చెప్పాలి. ఉర్దూ నస్తాలీఖ్ లిపి అచ్చుయంత్రానికి లొంగని లిపి. ఎన్నో ఏండ్లు ఉర్దూ పత్రికలు కాతిబుల చేతిరాతతోనే నడిచినవి. 1927లో మొదలైన మద్రాసు 'ముసల్మాన్' పత్రిక కంప్యూటర్లు వచ్చిన తర్వాత కూడా చేతిరాతతోనే వచ్చేది. 1981లో నూరీ నస్తాలీఖ్ అక్షరాలు, 1990ల నడిమిన ఇన్‌పేజ్ అనే సాఫ్ట్‌వేరు వచ్చిన మీదట ఉర్దూ పని కంప్యూటరెక్కింది. కాని ఆ పాత ఇన్‌పేజ్‌లో కొట్టిన ఫైలు యూనికోడ్ కాదు. దాన్ని వేరే సాఫ్ట్‌వేరులో నేరుగా తెరిస్తే అక్షరాలకు బదులు పిచ్చిగీతలు కనబడతాయి. పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో కొట్టిన తెలుగు పేజీల గతి కూడా అంతే. కనుక ఆ పాత కంప్యూటరు పోతే పోయేది ఒక డబ్బా మాత్రమే కాదు, దానిలో ఉన్నదాన్ని చదవగలిగిన తాళంచెవి కూడా పోతుంది.

అందుకే మేము దీన్ని అమానతు అంటున్నాము. అమానతు అంటే ఏమిటో ఈ సభలో ఎవరికీ చెప్పనక్కర లేదు. ఒకరు నమ్మి మన దగ్గర దాచుకున్నదాన్ని మనం మన ఇష్టప్రకారం పారేయలేము. మిషను మనది కావచ్చు, దాని లోపలిది నలుగురిది. కంప్యూటరు షురూ కానప్పుడు "దీన్ని ఎట్లా నడిపించాలె?" అన్నది రెండవ ప్రశ్న. "దీని లోపల ఎవరి సొమ్ము ఏమున్నది? దానికి రెండవ నకలు ఉన్నదా?" అన్నది మొదటి ప్రశ్న. మేము చెప్పబోయే ప్రతి మాటా ఈ మొదటి ప్రశ్న మీదనే నిలబడి ఉన్నది.

బటన్ నొక్కగానే జరిగేదేమిటి?

హకీం సాబ్ నాడి పట్టకుండా మందు ఇవ్వడు. మనం మాత్రం కంప్యూటరు మొరాయించగానే, "విండోస్ పోయింది, ఫార్మాట్ కొట్టాలె" అంటాము. లోపల ఏం జరుగుతుందో తెలిస్తే ఈ తొందర ఉండదు.

బటన్ నొక్కగానే మెట్టు తర్వాత మెట్టుగా ఐదు పనులు జరుగుతాయి. మొదటిది కరెంటు. గోడలోని 230 వోల్టుల కరెంటును ఎస్.ఎం.పి.ఎస్. అనే డబ్బా తీసుకొని 12, 5, 3.3 వోల్టులుగా మార్చి లోపలికి పంపిస్తుంది. రెండవది, ఆ వోల్టులు సరిగ్గా కుదురుకున్నాయని ఎస్.ఎం.పి.ఎస్. నుండి మదర్‌బోర్డుకు ఒక సంకేతం వస్తుంది. అప్పుడు ప్రాసెసరు మేల్కొంటుంది. మూడవది, బోర్డు మీద బయోస్ అనే చిన్న చిప్పులోని ఆదేశాలు చదివి ర్యామ్, స్క్రీను, కీబోర్డు హాజరు తీసుకుంటుంది. బడిలో మేము తీసుకునే హాజరు లాంటిదే అనుకోండి. నాలుగవది, హార్డ్ డిస్కు ఎక్కడున్నదో వెతుకుతుంది. ఐదవది, డిస్కులోని విండోసును పిలుస్తుంది.

ఈ ఐదింటిలో ఏ మెట్టు దగ్గర ఆగిందో పట్టుకుంటే సగం మరమ్మతు అయినట్లే. కరెంటే రానప్పుడు విండోసును తిట్టి లాభం లేదు. స్క్రీను మీద విండోస్ గుర్తు వచ్చిందంటే కరెంటు, ర్యామ్ తమ పని మొదలుపెట్టినట్లే. ఇట్లా ఒక పనిని మెట్లుగా విడదీసి వరుస తప్పకుండా చేసే పద్ధతిని అల్‌గారిథం అంటారు. 9వ శతాబ్దంలో బాగ్దాదులో గణితం వ్రాసిన అల్ ఖ్వారిజ్మీ పేరే లాటిను నోళ్ళలో నలిగి ఆ మాట అయింది. ఆ పెద్దాయన పేరు మీద నడిచే యంత్రాన్ని వరుస తప్పి బాగుచేయబోవడం మనకు తగదు!

వరుసతో పాటు ఇంకొక నియమం కూడా ఉన్నది. ఒక్కసారికి ఒక్క మార్పే చేయాలి. ర్యామ్ తీసి, బ్యాటరీ మార్చి, తీగలన్నీ ఊడదీసి మళ్ళీ పెడితే, షురూ అయినా ఎందుకు అయిందో తెలియదు, కాకపోతే ఎక్కడ చెడిందో తెలియదు. ఏం చేశామో ఒక నోటుబుక్కులో వ్రాసుకుంటూ పోవాలి.

నాలుగు లక్షణాలు

మా అనుభవంలో షురూ కాని కంప్యూటర్లు నాలుగు రకాలు.

మొదటి రకం: లైటు లేదు, ఫ్యాను లేదు, చప్పుడు లేదు. ఇక్కడ గోడ దగ్గర నుండి లోపలికి రావాలి. ఆ సాకెట్టులో సెల్‌ఫోన్ చార్జరో టేబుల్ లైటో పెట్టి కరెంటు వస్తుందా చూడండి. యు.పి.ఎస్. ఉంటే దాన్ని పక్కనపెట్టి నేరుగా గోడకు పెట్టండి. యు.పి.ఎస్. బ్యాటరీ చచ్చిపోతే కరెంటు ఉన్నా కొన్ని యు.పి.ఎస్.లు లోపలికి వదలవు. స్పైక్ బోర్డు స్విచ్చి చూడండి. డబ్బా వెనుక ఎస్.ఎం.పి.ఎస్. మీద ఇంకొక చిన్న స్విచ్చి ఉంటుంది, ఊడ్చేటప్పుడు చేయి తగిలి అది బంద్ అయి ఉండవచ్చు. అక్కడనే కొన్ని పాతవాటికి ఎర్ర స్విచ్చి ఒకటి ఉంటుంది, 115 అని ఒకవైపు, 230 అని ఇంకోవైపు. మన దేశంలో అది 230 మీదనే ఉండాలి. పిల్లలు 115కు జరిపి కరెంటు ఇచ్చారో, ఎస్.ఎం.పి.ఎస్. కాలిపోవడం ఖాయం. మానిటరుకూ డబ్బాకూ చాలావరకు ఒకే రకం పవర్ తీగ ఉంటుంది, ఒకదాని తీగ ఇంకొకదానికి పెట్టి చూడండి.

ఇవన్నీ బాగుంటే ప్లగ్గు పూర్తిగా పీకి, పవర్ బటన్ను 20 సెకన్లు నొక్కి పట్టి, కాసేపు ఆగి మళ్ళీ పెట్టండి. లోపల మిగిలిన కరెంటు పోయి కొన్ని మిషన్లు లేచి కూర్చుంటాయి. పాత ల్యాప్‌టాపుకూ ఇదే ఉపాయం: చార్జరు తీసి, ఊడే బ్యాటరీ అయితే దాన్నీ తీసి, బటన్ అరనిమిషం నొక్కిపట్టి, తర్వాత ఒక్క చార్జరుతోనే పెట్టి చూడాలి.

అప్పటికీ లేవకపోతే ఎస్.ఎం.పి.ఎస్. మీద అనుమానం. పనిచేసే ఇంకొక కంప్యూటరు నుండి తగినదాన్ని తెచ్చి పెట్టి చూడడమే మేలైన పరీక్ష. ఒక హెచ్చరిక గట్టిగా చెబుతున్నాము. ఎస్.ఎం.పి.ఎస్. డబ్బా మూత మాత్రం ఎవ్వరూ విప్పవద్దు. ప్లగ్గు పీకిన తర్వాత కూడా దానిలోని కెపాసిటర్లు కరెంటును పట్టుకొని ఉంటాయి. ప్రాణం కంటే కంప్యూటరు ఎక్కువ కాదు.

రెండవ రకం: ఫ్యాను తిరుగుతుంది, స్క్రీను నల్లగా ఉంటుంది. ముందు మానిటరుకు లైటు వెలుగుతుందా, వెనుక తీగ రెండు వైపులా గట్టిగా ఉన్నదా చూడండి. ఆ తర్వాత ర్యామ్. ప్లగ్గు పీకి, డబ్బా ఇనుమును ఒకసారి చేతితో తాకి (మన ఒంట్లోని స్థిర విద్యుత్తు పోవడానికి), ర్యామ్ పట్టీని రెండు చివరల క్లిప్పులు వంచి బయటికి తీయండి. దాని అంచున బంగారు రంగు పండ్లు ఉంటాయి. వాటిని పిల్లలు పెన్సిలు గీతలు తుడిచే రబ్బరుతో మెల్లగా రుద్ది, పొడి దులిపి, మళ్ళీ టక్కుమనేదాకా బిగించండి. రెండు పట్టీలుంటే ఒక్కొక్కటే పెట్టి చూడండి.

మిర్యాలగూడలో ఒక గుమస్తా గారి ఇంట్లో ఇట్లాగే నల్ల స్క్రీను. మదర్‌బోర్డు పోయిందని ఎవరో చెప్పినారట. కొత్త కంప్యూటరుకు వాయిదాల మీద బేరం కూడా మాట్లాడుకున్నారు. ఆయన కూతురు ఇంటర్ చదివే పిల్ల, మేము ఫోనులో చెబుతుంటే తానే మూత తీసి, ర్యామ్ రుద్ది పెట్టింది. స్క్రీను వచ్చింది. అయిదు రూపాయల రబ్బరుతో వాయిదాల అప్పు తప్పింది. అంతకంటే ముఖ్యం, ఆ ఇంట్లో ఇప్పుడు మూత తీయడానికి భయపడని పిల్ల ఒకతె ఉన్నది.

డబ్బాలో చిన్న స్పీకరు ఉంటే "బీప్" చప్పుళ్ళు కూడా సంగతి చెబుతాయి. అవి బయోస్ కంపెనీని బట్టి మారుతాయి. అవార్డ్ బయోసులో ఒక పొడుగు, రెండు పొట్టి బీపులు వస్తే స్క్రీను కార్డు తకరారు. ఆగకుండా బీపులు వస్తుంటే చాలావరకు ర్యామ్ తకరారు. బీపులు వస్తున్నాయంటే సంతోషించండి, బోర్డూ ప్రాసెసరూ బతికి ఉండి మొరపెట్టుకుంటున్నాయన్నమాట. ఇక బోర్డు మీద చిన్న డబ్బాల్లాగ నిలబడి ఉండే కెపాసిటర్లను చూడండి. వాటి నెత్తి చదునుగా ఉండాలి. ఉబ్బినా, గోధుమరంగు కారినా అవి చెడినట్లు. 2000 తర్వాతి ఏండ్లలో వచ్చిన చాలా బోర్డులకు ఈ జబ్బు ఉండేది. సోల్డరింగ్ బాగా తెలిసిన టి.వి. మెకానిక్ కూడా వాటిని మార్చగలడు.

మూడవ రకం: స్క్రీను మీద అక్షరాలు వచ్చి ఆగిపోతుంది. దీనికి ఎక్కువసార్లు కారణం బోర్డు మీదున్న రూపాయి బిళ్ళంత బ్యాటరీ. సి.ఆర్. 2032 అంటారు, 3 వోల్టులది. గడియారాల షాపులో కూడా దొరుకుతుంది. ఇది అయిపోతే కంప్యూటరు తారీఖు మరచిపోతుంది, తన అమరికలు కూడా మరచిపోతుంది. సి.ఎం.ఓ.ఎస్. చెక్‌సమ్ ఎర్రర్ అని వ్రాసి, ఎఫ్1 నొక్కమంటుంది.

తారీఖు తప్పితే ఏం కొంప మునుగుతుందని తేలికగా తీసుకోవద్దు. సూర్యాపేటలో ఒక అబ్బాయి స్కాలర్‌షిప్ దరఖాస్తు ఆఖరు రోజున కంప్యూటరు ముందు కూర్చుంటే, ఏ సర్కారీ సైటు తెరిచినా "ఇది సురక్షితం కాదు" అని అడ్డుపడింది. ఇంటర్నెట్ బాగనే ఉన్నది. మూలన తారీఖు చూస్తే 2009 అని ఉన్నది. సైట్ల సర్టిఫికెట్లకు గడువు తారీఖులుంటాయి గనుక కంప్యూటరు వాటిని నమ్మలేదు. తారీఖు సరిచేయగానే సైటు తెరుచుకుంది, దరఖాస్తు వెళ్ళింది. పదుల రూపాయల బ్యాటరీకి ఒక ఏడాది ఫీజు తప్పిపోయేది.

డిస్క్ బూట్ ఫెయిల్యూర్ అనో, నో బూటబుల్ డివైస్ అనో వస్తే ముందు పెన్‌డ్రైవు ఏదైనా గుచ్చి మరచిపోయారేమో చూడండి. పాత కంప్యూటరు దానిలో విండోస్ వెతుక్కుంటూ అక్కడనే కూర్చుంటుంది. ఆ తర్వాత ప్లగ్గు పీకి, డిస్కుకు పోయే రెండు తీగలూ తీసి మళ్ళీ పెట్టండి. తర్వాత బయోసులోకి వెళ్ళి డిస్కు పేరు అక్కడ కనబడుతున్నదా చూడండి. పేరు కనబడితే డిస్కు బతికే ఉన్నదని ఆశ. బూట్ వరుసలో దాన్ని ముందుకు తెస్తే సరిపోవచ్చు. ఎన్.టి.ఎల్.డి.ఆర్. మిస్సింగ్, బూట్‌మేనేజర్ మిస్సింగ్ అని వచ్చినా కంగారు పడవద్దు. పోయింది విండోసును పిలిచే చిన్న ఫైలు మాత్రమే కావచ్చు. మీ కాగితాలు, ఫోటోలు లోపల భద్రంగా ఉండవచ్చు.

నాలుగవ రకం: విండోస్ మొదలై, నీలి స్క్రీను వచ్చి, మళ్ళీ మొదటికి వస్తుంది. దీనిలో ఒక మోసం ఉన్నది. బ్యాటరీ అయిపోయినప్పుడు బయోసులో డిస్కును నడిపే పద్ధతి, ఐ.డి.ఇ. అనీ ఎ.హెచ్.సి.ఐ. అనీ రెండుంటాయి, అది తనంతట తాను మారిపోతుంది. అప్పుడు ఎక్స్.పి., విండోస్ 7 వంటివి నీలి స్క్రీను చూపిస్తాయి. బయోసులో ఆ ఒక్క మాట వెనక్కి మార్చితే విండోస్ మామూలుగా వస్తుంది. ఇది తెలియక ఎంతోమంది ఫార్మాట్ కొట్టించుకున్నారు. అది కాకపోతే, మొదలయ్యేటప్పుడు ఎఫ్8 నొక్కి సేఫ్ మోడ్‌లో రానివ్వండి. అక్కడ వస్తే ఈమధ్య వేసిన సాఫ్ట్‌వేరునో, డ్రైవరునో తీసివేయవచ్చు. పది నిమిషాలు నడిచి పుటుక్కున ఆగిపోయేదైతే అది వేడి. ప్రాసెసరు మీది ఫ్యానులో దుమ్ము నిండి ఉంటుంది.

ఫార్మాట్ అనే మాట ఆఖరున

కోదాడలో ఒక సోదరుని కార్డుల షాపు. పదిహేనేండ్ల పని ఆ కంప్యూటరులో ఉన్నది. ఎన్నో ఇండ్ల పెండ్లి కార్డులు, రంజాను సహరీ ఇఫ్తార్ పట్టికలు, ఒక మదరసా పిల్లలకు తయారుచేసిన ఉర్దూ వాచకం. ఒకరోజు షురూ కాలేదు. బాగుచేసే షాపుకు ఇచ్చి వచ్చాడు. సాయంత్రానికి "రెడీ భాయ్" అని ఫోను. వెళ్ళి చూస్తే కంప్యూటరు తళతళ మెరుస్తున్నది, లోపల ఏమీ లేదు. అడిగితే, "మీరు ఫైళ్ళు కావాలని చెప్పలేదు గదా" అన్నారట. ఆ వాచకం వ్రాసిన మౌల్వీ సాబ్ అప్పటికే అల్లాహ్‌కు ప్యారే అయినారు. చేతిప్రతి లేదు. అచ్చులో మిగిలిన రెండు కాపీలు పెట్టుకొని ఆ సోదరుడు రాత్రిళ్ళు కూర్చొని ఒక్కొక్క పేజీ మళ్ళీ కొడుతున్నాడు.

ఆ షాపువాళ్ళు చెడ్డవాళ్ళు కారు. మిషను నడిపించమన్నారు, నడిపించారు. లోపల అమానతు ఉన్నదని వాళ్ళకు ఎవరూ చెప్పలేదు. కనుక మరమ్మతుకు ఇచ్చే ముందు కాగితం మీద "మా అనుమతి లేకుండా ఫార్మాట్ చేయవద్దు" అని వ్రాసి, డిస్కు మీది నంబరు కూడా వ్రాసుకొని, సంతకం చేయించుకొని ఇవ్వండి. ఇంకా మంచిది, డిస్కును తీసి ఇంట్లో పెట్టుకొని మిగతా డబ్బా మాత్రమే ఇవ్వడం. నాలుగు మరలు విప్పితే డిస్కు చేతికి వస్తుంది.

విండోస్ రానప్పుడు ఫైళ్ళు తీసుకోవడానికి రెండు దారులున్నాయి. డిస్కును తీసి, యు.ఎస్.బి. తీగ ఉన్న చిన్న అడాప్టరుతో వేరే కంప్యూటరుకు తగిలించి నకలు తీసుకోవడం ఒకటి. లినక్స్‌ను పెన్‌డ్రైవులో వేసి, దానితోనే కంప్యూటరును లేపి, డిస్కును తాకకుండా ఫైళ్ళు బయటికి తీసుకోవడం రెండవది. లినక్స్‌కు పైసా ఖర్చు లేదు. నకలు చేతికి వచ్చి, ఇంకొక మిషనులో తెరిచి చూసుకున్న తర్వాతనే ఫార్మాట్ అనే మాట నోట రావాలి.

డిస్కు నుండి టిక్కు టిక్కుమని చప్పుడు వస్తుంటే మాత్రం అక్కడనే ఆపండి. "ఇంకొక్కసారి, ఇంకొక్కసారి" అంటూ బటన్ నొక్కిన కొద్దీ లోపలి పళ్ళెం మీద గీతలు పడవచ్చు. అది డేటా తీసే నిపుణుల పని. ఖర్చు ఎక్కువే, కాని అది పెట్టాలా వద్దా అని నిర్ణయించే అవకాశమైనా మిగులుతుంది.

మన ఊళ్ళ దుమ్ము, మన కరెంటు

ప్రతి ఊరికీ తన జబ్బు ఉన్నట్లే ప్రతి ఊరి కంప్యూటరుకూ ఉంటుంది. మిర్యాలగూడ మిల్లుల ఊరు. తౌడూ ఊక పొడీ గాలిలో తేలి ఫ్యాన్లలో చేరుతుంది. సూర్యాపేట, కోదాడ విజయవాడ హైవే మీద ఉన్నాయి, రోడ్డు పక్క షాపులలో లారీల దుమ్ము. ఎండాకాలం మన నల్లగొండ సీమ వేడి అందరికీ తెలిసినదే. దుమ్ము పట్టిన కంప్యూటరు ఆ వేడిలో స్వెట్టరు వేసుకొని ఎండలో నిలబడ్డవాడి వంటిది.

ఆరు నెలలకొకసారి ప్లగ్గు పీకి, మూత తీసి, మెత్తని పెయింటు బ్రష్షుతో దుమ్ము దులపండి. బ్లోయరు వాడితే ఫ్యాను రెక్కలు వేలితో పట్టుకోండి, గాలికి గిర్రున తిరిగితే పాడవుతాయి. తడిగుడ్డ లోపలికి పోనివ్వవద్దు. కంప్యూటరును నేల మీద కాకుండా జానెడు ఎత్తు బల్ల మీద పెట్టండి, గోడకు ఆనించవద్దు. పెద్ద మోటార్లు నడిచే లైను మీద వోల్టేజి ఎగిరిపడుతుంది గనుక ఎర్తింగు సరిగ్గా ఉన్న మూడు పిన్నుల సాకెట్టే వాడండి. ఉరుములు మొదలైతే ప్లగ్గు పీకడమే అన్నింటికంటే చౌక ఇన్సూరెన్సు.

నిజంగానే కాలం తీరితే

ఎన్ని చేసినా లేవని మిషన్లు ఉంటాయి. అప్పుడు కూడా అన్నీ పారేయాల్సిన పని లేదు. మూడు చచ్చినవాటి భాగాలతో ఒకటి రెండు బతికించవచ్చు. మా బడి మిషన్లలో కొన్ని అట్లా నడుస్తున్నవే. వస్తువును వృథా చేయడం ఇస్రాఫ్ అని మన పిల్లలకు అన్నం దగ్గర చెబుతాము. యంత్రం దగ్గర కూడా చెప్పాలి.

2014 ఏప్రిల్ 8తో ఎక్స్.పి.కి, 2020 జనవరి 14తో విండోస్ 7కు, 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ వారు మామూలు మద్దతు ఆపేశారు. చాలా పాత మిషన్లు విండోస్ 11కు పనికిరావు. అయినంత మాత్రాన అవి చెత్త కావు. 64 బిట్ల ప్రాసెసరు, 4 జి.బి. ర్యామ్ ఉంటే లినక్స్ మింట్ చక్కగా నడుస్తుంది. అందులో ఉర్దూ, తెలుగు రెండూ యూనికోడ్‌లో వ్రాసుకోవచ్చు. 2017లో ఉర్దూ మన తెలంగాణ అంతటా రెండవ అధికార భాష అయింది. మన పిల్లలకు రెండు లిపులలోనూ టైపు వస్తేనే దాని ఫలం అందుతుంది, ఆ సాధనకు పాత మిషను చాలు. ఇక పాత ఇన్‌పేజ్ కోసం ఎక్స్.పి. ఉంచుకోవలసి వస్తే ఉంచుకోండి, కాని దానికి ఇంటర్నెట్ తీగ తగిలించవద్దు.

పూర్తిగా పోయినదాన్ని తగులబెట్టవద్దు, కుప్పతొట్లో వేయవద్దు. దానిలో సీసం వంటి విషాలుంటాయి. 2023 ఏప్రిల్ 1 నుండి కొత్త ఇ-వ్యర్థాల నియమాలు అమలులో ఉన్నాయి. వాటి ప్రకారం రిజిస్టరైన రీసైక్లింగు వారికి చేరేటట్లు ఇవ్వాలి. ఇచ్చే ముందు డిస్కు తీసేయండి. ఫైలు డిలీట్ చేసినా, పైపైన ఫార్మాట్ చేసినా, తెలిసినవాడు తిరిగి తీయగలడు. మన ఆడపిల్లల ఫోటోలు, ఆధార్ నకళ్ళు పాత సామానుతో పాటు బజారుకెక్కరాదు. ప్రత్యేక సాఫ్ట్‌వేరుతో డిస్కంతా చెరిపించండి, లేదా డిస్కుకు డ్రిల్లుతో రంధ్రాలు వేయించండి. అమానతు కాపాడడమంటే దాచడమే కాదు, వేళ వచ్చినప్పుడు సరిగ్గా చెరిపివేయడం కూడా.

సంఘానికి మా మనవి

ఆఖరుగా కార్యవర్గం ముందు నాలుగు మనవులు పెడుతున్నాము.

ఒకటి, సంఘం కంప్యూటరులో ఏమేమి ఉన్నవో ఒక రిజిస్టరులో వ్రాయించండి. ప్రతి ఫైలుకూ కనీసం రెండు నకళ్ళు, వాటిలో ఒకటి వేరే ఊరిలో ఉండాలి. సూర్యాపేటది కోదాడలో, కోదాడది మిర్యాలగూడలో, మిర్యాలగూడది సూర్యాపేటలో పెట్టుకుందాం. ఒకచోట నిప్పంటుకున్నా, దొంగ పడ్డా ఇంకొకచోట మిగులుతుంది.

రెండు, పాత సావనీర్ల ఇన్‌పేజ్, పేజ్‌మేకర్ ఫైళ్ళను ఆ పాత మిషను నడుస్తున్నప్పుడే పి.డి.ఎఫ్.గా మార్పించండి. తీరిక ఉన్నప్పుడు యూనికోడ్‌లోకి కూడా తేవచ్చు. ఈ పని వచ్చే ఏటికి వాయిదా వేయవద్దు, పాత మిషను మన వాయిదాలను వినదు.

మూడు, నెలకొక ఆదివారం మూడు ఊళ్ళలో వంతుల వారీగా మరమ్మతు పూట పెట్టండి. స్క్రూడ్రైవరు, బ్రష్షు, రబ్బరు, రెండు బ్యాటరీలు, పనిచేసే ఒక ఎస్.ఎం.పి.ఎస్., లినక్స్ పెన్‌డ్రైవు ఉంటే చాలు. సూర్యాపేట నుండి హైదరాబాదు సుమారు 135 కిలోమీటర్లు. రబ్బరుతో పోయే జబ్బుకు సికింద్రాబాదు చెనాయ్ ట్రేడ్ సెంటరు దాకా డబ్బా మోసుకుపోయే బాధ తప్పుతుంది.

నాలుగు, ఆ ఆదివారాలలో మగపిల్లలతో సమంగా ఆడపిల్లలకు కూడా స్క్రూడ్రైవరు చేతికివ్వండి. విద్య ఒక్కడి దగ్గరే ఉంటే ఆ ఒక్కడు ఊళ్ళో లేని రోజున అందరి పనీ ఆగుతుంది. మేము ఎల్లకాలం ఫోను ఎత్తలేము గదా!

ఒంటెను కట్టివేసి, ఆ తర్వాత అల్లాహ్ మీద భారం వేయాలన్న బోధ చిన్ననాటి నుండి మనం వింటున్నదే. నకలు తీసి పెట్టుకోవడం మన ఒంటెను కట్టుకోవడమే. మనల్ని నమ్మి నలుగురు ఇచ్చినదాన్ని నలుగురికీ పదిలంగా తిరిగి అప్పజెప్పే తౌఫీఖ్‌ను అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక.